సింగిల్ హ్యాండ్ బండి

ఇల్లు, ముందు గది
జూన్ 3

చిరంజీవి పిడుగుకు,

అమ్మమ్మ దీవెనలు. నీ ఉత్తరం అందింది. వాడిన కారు కొనాలనుకుంటున్నారు, అదీ డిక్కీ ఉన్న పెద్ద కారు. మీరిద్దరు, పిల్లలిద్దరు, మీ అత్తగారు, ఆ పైన ఊరూరా తిరిగి కళ్ళు పరీక్ష చేయడానికి నువ్వు మోసుకెళ్ళే అద్దాల పెట్టెలు నాలుగు. చిన్న బండి చాలదన్న మాట నిజమే.

నేను పాసు చేస్తేనే కొంటానని రాశావు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాను. కిరాణా కొట్టు త్రాసు నుంచి లారీల కాటా దాకా చూసినదాన్ని, ఒక కారు చూడలేకపోను. కానీ ఫోను చెయ్యకు. నా చెవికి ఫోనులో సగం మాటలే పడుతున్నాయి, మిగతా సగం నేను ఊహించుకోవాలి. ఊహించి పాసు చేసే అలవాటు నాకు లేదు. కాగితం మీద రాయి.

మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తే అన్నీ నమ్మకు. మీటరు వెనక్కి తిప్పవచ్చు, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదల వెనక్కి తిప్పలేరు. అది చూడు. డ్రైవరు సీటు ఎంత కుంగిందో చూడు. స్టీరింగు ఎక్కడ మెరుస్తోందో చూడు. టైరు పక్కన అది తయారైన వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి, నాలుగు టైర్లవీ స్టెప్నీదీ రాసి పంపు. అద్దాలన్నీ ఒకే సంవత్సరానివా? డిక్కీలో పరిచిన గుడ్డ ఎత్తి తడి వాసన చూడు. డిక్కీ పొడవు టేపు పెట్టి కొలువు. నాలుగు పెట్టెలు పడతాయి అని కంటితో చెప్పకు. వెనక సీట్లో మీ అత్తగారిని పది నిమిషాలు కూర్చోబెట్టు. ఆవిడ బాగానే ఉందంటే నిజంగా బాగున్నట్టే.

ఇంకొక మాట. నీ ఉత్తరం చివర 'మామయ్య నిన్ను అడిగాడు' అని రాసి కొట్టేశావు. కొట్టేసినా కనిపిస్తుంది. పదకొండేళ్ళ కిందట నా కొడుకు మేనేజరుగా ఉన్న పెట్రోలు బంకులో కొలత తక్కువ వచ్చింది, కేసు రాశాను. అది నా పని. దాంతో వాడు నాతో మాట మానేశాడు, అది వాడి ఇష్టం. వాడు తనంతట తాను నాతో మాట్లాడేదాకా వాడి మంచీ చెడూ నా చెవిన వెయ్యవద్దని మీ అమ్మకు ఆనాడే చెప్పాను. నీకూ అదే మాట.

అమ్మమ్మ

---

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
జూన్ 14

అమ్మమ్మకు నమస్కారాలు.

నువ్వు చెప్పినవన్నీ చూశాను. చూసేటప్పుడు మా ఆయన టేపు పట్టుకుని నా వెనకే తిరుగుతూ, "మీ అమ్మమ్మ నన్ను పెళ్ళికి ముందు ఇలా చూడలేదు, నా అదృష్టం" అన్నాడు. చూసి ఉంటే ఏ టైరు దగ్గర ఆగేదో అన్నాను.

బండి వయసు ఏడేళ్ళు. మీటరు 74,210. ఓనరు మాకు తెలిసినాయన, కొత్తది కొని తనే నడిపారు. టైర్లు నాలుగూ ఒకే ఏడాదివి, రెండేళ్ళ కిందటివి. స్టెప్నీ బండితో వచ్చిందే, నేల తగల్లేదు. అద్దాలన్నీ ఒకే సంవత్సరం. డిక్కీ పొడిగా ఉంది. పొడవు తొంభై ఎనిమిది సెంటీమీటర్లు, నాలుగు పెట్టెలూ పట్టి పిల్లల సంచులకు చోటు మిగిలింది. అత్తగారు వెనక కూర్చుని ఏడో నిమిషంలో నిద్రపోయారు. దాన్ని పాసు కింద రాసుకో.

షెడ్డులో మెకానిక్ ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేశాడు, మొదటి తిప్పుకే అందుకుంది. పొగ లేదు. అంతా చూసి, స్టీరింగు దగ్గర కూర్చుని, "సింగిల్ హ్యాండ్ బండమ్మా ఇది" అన్నాడు. ఒకే ఓనరు అనే కదా ఆ మాటకి అర్థం. అని ఊరుకోకుండా నా మొహం వంక చూశాడు.

ఒక్కటే తేడా. స్టీరింగు ఎడమ సగం అరిగి అద్దంలా మెరుస్తోంది. కుడి సగం దాదాపు కొత్తగా ఉంది.

పిడుగు

---

ఇల్లు, ముందు గది
జూన్ 20

చిరంజీవి పిడుగుకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తట్ట అడుగున మైనం అంటించిన త్రాసు చూశాను, లోపల సీసం తీసేసిన కిలో రాయి చూశాను. సగం పాతదీ సగం కొత్తదీ అయిన స్టీరింగు మాత్రం వినలేదు. నాకు చాలా విడ్డూరంగా ఉంది.

స్టీరింగు మారిస్తే మొత్తం మారుస్తారు, సగం మార్చరు. ఎండకు అయితే పై భాగం పాడవ్వాలి, ఎడమ భాగం కాదు. నీకు మతిమరుపు లేదని తెలుసు కనుక ఎడమా కుడీ తారుమారు చేశావని అనను. అయినా ఒకసారి బండిలో కూర్చుని మళ్ళీ చూడు.

చూసి ఇవి రాయి. డ్రైవరు తలుపుకి మోచెయ్యి ఆనించే చోటు ఎలా ఉంది? ఇండికేటరు వేసే కాడ ఎలా ఉంది? స్టీరింగు పైనా కిందా ఎక్కడెక్కడ అరిగింది? క్లచ్ రబ్బరు సంగతి అసలు రాయలేదు. బండిలో ఆయన పెట్రోలు లెక్క ఏదైనా రాసుకున్నారేమో అడిగి, ఒక పేజీ నకలు పంపు. కిలోమీటర్లు నిజమో కాదో అందులో తేలిపోతుంది.

మరొకటి. 'తెలిసినాయన' అంటే ఎవరు? ఏం చేస్తారు? నువ్వు చిన్నప్పుడు కూడా గ్లాసు పగలగొట్టినప్పుడు 'ఎవరో' అనేదానివి.

అమ్మమ్మ

---

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
జూలై 1

అమ్మమ్మకు నమస్కారాలు.

మళ్ళీ కూర్చుని చూశాను. ఎడమ ఎడమే, కుడి కుడే.

డ్రైవరు తలుపుకి మోచెయ్యి ఆనే చోట గుడ్డ మెత్తగా, దాదాపు కొత్తగా ఉంది. పక్క సీటు తలుపుకి అదే చోట మాసి నల్లబడింది. ఇండికేటరు కాడ స్టీరింగుకి కుడి పక్కన ఉంటుంది కదా, దానికి ఒక ప్లాస్టిక్ బద్ద తీగతో కట్టి ఎడమ వైపుకి సాగదీసి పెట్టారు. చాలా పొందికగా కట్టారు. స్టీరింగు పైన ఏమీ లేదు కానీ అడుగున ఒక జానెడు మేర తెల్లగా గీరుకుపోయింది, ముతక గుడ్డతో రోజూ రుద్దినట్టు. క్లచ్ రబ్బరు ఏడేళ్ళకి ఎంత అరగాలో అంతే.

పెట్రోలు పుస్తకంలో పోయిన ఏడాది పేజీ నకలు ఇందులో పెట్టాను.

ఆయన ఒక కలప మిల్లులో సూపర్‌వైజరు. ఇప్పుడు గేర్లు లేని బండి కొంటున్నారు, అందుకే ఇది అమ్ముతున్నారు. నువ్వు ఈ బండిని ఏమంటావో తెలుసుకోవాలని నాకంటే ఆయనకే ఎక్కువ ఆత్రంగా ఉంది. నువ్వు పాసు చెయ్యకపోతే వేరే వాళ్ళకి కూడా అమ్మనంటున్నారు.

పిడుగు

---

ఇల్లు, ముందు గది
జూలై 7

చిరంజీవి పిడుగుకు,

నీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. బండిలో మోసం లేదు. ఇది నడిపిన మనిషికి కుడి చెయ్యి లేదు.

వేరే ఏ లెక్కకూ ఇవన్నీ అమరవు. మోచెయ్యి లేదు కనుక తలుపు కొత్తగా ఉంది. చెయ్యి అందదు కనుక ఇండికేటరు కాడని ఎడమకి సాగదీశారు. ఎడమ చేతితో స్టీరింగు తిప్పుతారు, గేరు కూడా ఎడమ చేతితోనే మార్చాలి. మరి గేరు మార్చే ఆ రెండు క్షణాలూ స్టీరింగు ఎవరు పట్టుకుంటారు? అడుగున ఉన్న తెల్ల గీర దానికి జవాబు. మోకాలితో పట్టుకున్నారు. ఆ గీర ప్యాంటు గుడ్డది. మెకానిక్ చెప్పింది ఒకే ఓనరు అని కాదు పిచ్చిదానా, ఒంటి చెయ్యి అని. అందుకే నీ మొహం చూశాడు.

నిన్నటి నుంచి కళ్ళు మూసుకుంటే ఆ మోకాలే కనిపిస్తోంది. ఎదురుగా లారీ వస్తుంటే గేరు మార్చాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి ఏమనుకునేవాడో. ఇన్నేళ్ళు ఒక్క గీత పడకుండా నడిపాడంటే ఆశ్చర్యం. అలా నడపనిచ్చిన వాళ్ళ ఇంట్లోవాళ్ళను చూస్తే ఇంకా ఆశ్చర్యం. తల్లీ తండ్రీ లేరా, ఒక్కరైనా వద్దనలేదా?

పెట్రోలు పేజీ చూశాను. రాత ఒకటో తరగతి పిల్లాడి రాతలా ఉంది, అలవాటు లేని చెయ్యి. కానీ లెక్క చూడు. ప్రతిసారీ బంకు మీటరు ఒక గడిలో, లీటరుకి వచ్చిన కిలోమీటర్లు మరో గడిలో, రెండు దశాంశాల వరకు. నేను మళ్ళీ వేసి చూశాను, ఒక్క తప్పు లేదు. ఎవరు నేర్పారో కానీ బాగా నేర్పారు.

బండి నిజాయితీ గలది. మీటరు నిజం. స్టీరింగు తొడుగు మార్పించి తీసుకో. ఆయనకి నా నమస్కారం చెప్పు.

అమ్మమ్మ

---

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
జూలై 15

అమ్మమ్మా,

నువ్వు చెప్పమన్న నమస్కారం చెప్పాను. ఆయన నన్ను మళ్ళీ చెప్పమన్నాడు. తర్వాత, "అమ్మ నాకు నమస్కారం చెప్పిందా?" అన్నాడు.

అమ్మమ్మా, అది మామయ్య బండి.

నన్ను ఏమన్నా పడతాను. మామయ్య పేరు రాయొద్దన్నావు, రాయలేదు. బండి గురించి అడిగావు, ఉన్నది ఉన్నట్టు రాశాను. ఒక్క అబద్ధం రాయలేదు. పుస్తకంలో మొదటి పేజీలు మాత్రం పంపలేదు, అవి కుడి చేత్తో రాసినవి, నువ్వు గుర్తుపడతావని.

మామయ్యకి చెయ్యి పోయి ఐదేళ్ళు. మిల్లులో రంపం దగ్గర. మోచేతి పైదాకా పోయింది.

పిడుగు

---

ఇల్లు
జూలై 19

పిడుగూ,

ఐదేళ్ళా.

మీ అమ్మ నెలనెలా వచ్చి నా మందులు సర్ది వెళుతుంది. ఐదేళ్ళంటే అరవై సార్లు. అరవై సార్లు నా ఎదురుగా కూర్చుని ఆ మాట ఎలా మింగింది?

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నా కుడి చెయ్యి వంక చూసుకుంటున్నాను. రాయడానికి కలం ఎత్తితే బరువుగా ఉంది. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

---

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
జూలై 24

అమ్మమ్మకు,

నువ్వు సంతకం పెట్టకుండా ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. అది చూసి అమ్మ భయపడిపోయింది.

అమ్మ చెప్పబోయింది అమ్మమ్మా. ఆసుపత్రి నుంచి నేరుగా నీ దగ్గరికే వచ్చింది. "అన్నయ్య..." అనేసరికి నువ్వు చెయ్యి అడ్డం పెట్టావట, "వాడి సంగతి అయితే వచ్చిన దారినే వెళ్ళు" అని. అమ్మ వెళ్ళిపోయింది. ఆ తర్వాత చెప్పడానికి ఏ రోజూ అనువుగా కనబడలేదు. మామయ్య కూడా వద్దన్నాడు. "ఇప్పుడు చెబితే జాలిపడి పిలుస్తుంది, లేదా లైసెన్సు గురించి అడుగుతుంది. రెండూ వద్దు" అన్నాడు.

బంకు ఓనరు ఉద్యోగంలోంచి తీసేశాక మామయ్య మిల్లులో చేరాడు. మొదట కలప కొలిచే పని, తర్వాత సూపర్‌వైజరు. చెయ్యి పోయిన రోజు రంపం నడిపేవాడు సెలవులో ఉన్నాడు, మామయ్య తనే చూడబోయాడు. ఇంటి నుంచి మిల్లు పదిహేను కిలోమీటర్లు, బస్సు లేదు. అందుకే అలా నడిపాడు. ఈ ఏడాది లైసెన్సు గడువు పొడిగించుకోబోతే ఆఫీసరు చూసి గేర్లు లేని బండి అయితేనే ఇస్తానన్నాడు.

బండి అమ్ముతానన్నప్పుడు ఈ ఆలోచన నాదే. మామయ్య గురించి వినవు కానీ బండి గురించి వింటావు కదా అని. మామయ్యకి కూడా చెప్పే చేశాను. "మీ అమ్మమ్మ మొదటి ఉత్తరానికే చెయ్యి సంగతి కనిపెట్టేస్తుంది" అన్నాడు. మూడో ఉత్తరం దాకా పట్టిందంటే నీకు వయసు వచ్చిందని దిగులుపడ్డాడు.

తిట్టయినా సరే, ఒక ఉత్తరం రాయి.

పిడుగు

---

ఇల్లు, వెనక గది
ఆగస్టు 2

చిరంజీవి పిడుగుకు,

తిట్టడానికి నీలో తప్పేమీ దొరకలేదు. వెతుకుతూ ఉంటే వేరేచోట దొరికింది.

కేసు రాసినందుకే వాడికి ఉద్యోగం పోయింది, ఉద్యోగం పోయినందుకే మిల్లు, మిల్లు వల్లే చెయ్యి. నా కేసు సరైనదే అయితే ఆ బాధ మోయగలను, మోస్తాను. అది సరైనదని మరొక్కసారి చూసుకుందామని వెనక గదిలో పెట్టె తీసి ఆ ఏడాది డైరీ వెతికాను. ముప్పై నాలుగు డైరీలూ ఉన్నాయి. ప్రతి తనిఖీ ఒక వరస, ప్రతి వరసకీ గళ్ళు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. బంకు కొలత చూడడానికి మా దగ్గర ఐదు లీటర్ల క్యాను ఉంటుంది. దాన్ని ముందు ఒకసారి పెట్రోలుతో నింపి, వంచి, అర నిమిషం చుక్కలు కారనిచ్చి, ఆ తర్వాతే కొలవాలి. క్యాను గోడలు తడిగా ఉంటేనే దాని మెడ మీద గీత నిజం చెబుతుంది. పొడి క్యానులో కొలిస్తే ఏడెనిమిది మిల్లీలీటర్లు తక్కువ చూపిస్తుంది. అందుకే నా డైరీలో 'తడి' అని ఒక గడి. తడిపాక టిక్కు పెట్టి, అప్పుడు కొలిచేదాన్ని.

ఆ రోజు వరసలో 'తడి' గడి ఖాళీగా ఉంది.

ముప్పై నాలుగేళ్ళ డైరీలూ రెండు రోజులు కూర్చుని తిరగేశాను. అలాంటి ఖాళీ గడి మరొకటి లేదు. ఆ ఒక్కటే.

ఎందుకు ఖాళీగా ఉందో కూడా గుర్తుకొచ్చింది. ఆ రోజు అదే మొదటి బంకు, క్యాను పొడిగా ఉంది. వాడు ఎదురొచ్చి, "అమ్మా, ముందు క్యాను..." అన్నాడు. చుట్టూ పది మంది. కొడుకు చెప్పినట్టు ఇన్‌స్పెక్టరు ఆడిందని అంటారని నాకు భయం వేసింది. "నా పని నాకు నేర్పకు, అక్కడ నిలబడు" అని, వాణ్ణి గీత గీసినట్టు దూరంగా నిలబెట్టి, నేరుగా పట్టించాను. ముప్పై ఒక్క మిల్లీలీటర్లు తక్కువ వచ్చింది. ఐదు లీటర్లకి పాతిక వరకు మన్నించవచ్చు. ముప్పై ఒకటి కేసు. అందులో పొడి క్యాను తినేసిన ఎనిమిదీ తీస్తే ఇరవై మూడు. ఇరవై మూడు కేసు కాదు.

పిడుగూ, అది కేసు కాదు.

వాడికి అనుకూలంగా ఒక్క చుక్క కూడా వెయ్యకూడదన్న పట్టుదలతో వాడికి వ్యతిరేకంగా ఎనిమిది మిల్లీలీటర్లు వేశాను. పదకొండేళ్ళు గుమ్మం వైపు చూస్తూ, వాడు వచ్చి క్షమించమంటాడని కూర్చున్నాను.

శాఖ ఆఫీసుకి ఒక లేఖ రాస్తున్నాను. ఆ కేసు తప్పు, నిబంధన పాటించనిది నేను అని. నకలు ఆ బంకు ఓనరుకి.

అమ్మమ్మ

---

కళ్ళద్దాల షాపు, మేడ మీది గది
ఆగస్టు 8

అమ్మమ్మా,

నీ ఉత్తరం నేనూ అమ్మా కలిసి చదివాం. ఇలాంటిది జరిగి ఉంటుందని మాలో ఎవరూ కలలో కూడా అనుకోలేదు. మామయ్య ఒక్క మాట కూడా చెప్పలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా.

ఆఫీసుకి మాత్రం రాయకు. నీ పింఛను ఆపేస్తే? ఈ వయసులో నిన్ను పిలిచి నిలబెడితే? ముందు మామయ్యతో మాట్లాడు. నేను శనివారం వచ్చి నిన్ను తీసుకెళతాను. అంతవరకు ఆగు. అమ్మ కూడా అదే చెప్పమంది.

పిడుగు

---

మీ మామయ్య ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
ఆగస్టు 12

చిరంజీవి పిడుగుకు,

నీ ఉత్తరం ఇక్కడికి బయల్దేరే రోజే అందింది. శనివారం దాకా ఆగలేదు. పక్కింటివాళ్ళ చేత మీ అమ్మకు ఫోను చేయించి, రెండు బస్సులు మారి వచ్చాను.

తలుపు మీ అత్తయ్య తీసింది. వస్తున్నానని తెలిసినా, నన్ను చూసి చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది, లోపలికి రమ్మనాలని కూడా తోచలేదు పాపం. వాడు ఈ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. చొక్కా కుడి చెయ్యి సగానికి మడిచి కుట్టి ఉంది. చూస్తానని తెలిసే వచ్చాను. మీ అత్తయ్య నాకు కుర్చీ లాగింది.

కూర్చోకుండానే చెప్పాను. "ఆ రోజు నేను క్యాను తడపలేదు. డైరీలో చూశాను" అన్నాను.

వాడు ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి, మాట పడలేదు. మళ్ళీ అన్నాడు. నేను చెవి చూపించాను. నా చెవి పోయిన సంగతి మీరెవరూ వాడికి చెప్పలేదట. వాడి మొహం చూడాలి. నాకు చెయ్యి సంగతి తెలిసినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

తర్వాత వాడు లేచి కాగితం, పెన్సిలు తెచ్చాడు. కాగితం కదలకుండా మీ అత్తయ్య ఒక మూల పట్టుకుంది. ఎడమ చేత్తో నెమ్మదిగా రాసి నా వైపు తిప్పాడు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

"తెలుసు. ఆ పొద్దున బంకు తెరిచేటప్పుడు నేను తడిపి కొలిచాను. 22 వచ్చింది. రిజిస్టరులో రాశాను."

రిజిస్టరు చూపిస్తే ఆ రోజే కేసు కొట్టుకుపోయేది, వాడి ఉద్యోగం నిలబడేది. ఎందుకు చూపించలేదని అడిగాను. గొంతు పెద్దదయిందేమో, మీ అత్తయ్య ఉలిక్కిపడింది.

వాడు మళ్ళీ రాశాడు. "చూపిస్తే నిన్ను సస్పెండు చేసేవాళ్ళు. నీ రిటైర్మెంటు ఆర్నెల్లే ఉంది. ఆ తర్వాతైనా నీ పింఛను ఆపేవాళ్ళు. నీతో చెబితే నువ్వే వెళ్ళి రాసిచ్చేస్తావు. ఇంటికి వస్తే చెప్పకుండా ఉండలేను. అందుకే రాలేదు."

కోపంతో రాలేదనుకున్నాను పిడుగూ. పదకొండేళ్ళు అదే అనుకున్నాను.

వాడు కాగితం లాక్కుని కింద ఇంకొక వరస రాశాడు. "ఇప్పుడైనా ఆఫీసుకి రాయకు."

"రాశాను," అన్నాను. "పోస్టులో వేశాకే బస్సెక్కాను."

వాడు పెన్సిలు కింద పెట్టి బల్ల మీద తల ఆన్చాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని వీపు మీద చెయ్యి వేశాను. తల ఎత్తితే నవ్వుతున్నాడు, కళ్ళ నిండా నీళ్ళతో. మీ అత్తయ్య నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది, "మీరు అలా చేసి ఉంటారని పొద్దున్నే అన్నారత్తయ్యా, బయల్దేరారని మీ అమ్మాయి ఫోను చెయ్యగానే."

ఆఫీసు వాళ్ళు ఏమంటారో అననివ్వు. పిలిస్తే వెళతాను, డైరీ తీసుకెళతాను. వాడూ వస్తానంటున్నాడు.

బండి ఇవాళ నేనే స్వయంగా చూశాను. ముందు ఎడమ టైరులో గాలి తక్కువ ఉంది, నువ్వు రాయలేదు. మిగతా అంతా నువ్వు రాసినట్టే. తీసుకెళ్ళడానికి ఈ ఆదివారం నువ్వూ మీ ఆయనా రండి, మీ అమ్మను కూడా తీసుకురండి. ఆ బండిలో నేను మీతో రాను. ఇక్కడే ఉంటాను. ఎన్నాళ్ళో లెక్క వేసుకోలేదు.

దీవెనలతో,
అమ్మమ్మ